గండికోటలో ఒక వేసవి ఉదయం

పాఠశాలల సెలవులు సూర్యుణ్ణి బట్టి నడుస్తాయి, మదర్సాల సెలవులు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి. షాబాన్ నెలలో పరీక్షలు ముగించుకొని మూతపడే మదర్సా షవ్వాల్‌లో గాని తిరిగి తెరుచుకోదు. చాంద్రమాన సంవత్సరం సౌరమాన సంవత్సరం కంటే దాదాపు 11 రోజులు చిన్నది. అందువలన మా సెలవులు ఏటేటా కొద్దికొద్దిగా వెనక్కి జరుగుతూ, సుమారు 33 సంవత్సరాలలో ఎండకాలాన్ని, వానకాలాన్ని, చలికాలాన్ని చుట్టివస్తాయి. ఈ లెక్కను విద్యార్థులకు ఎన్నోమార్లు బోధించాను. అదే లెక్క నా ఇంట్లో ఏమి చేసిందన్నది మాత్రం చాలాకాలం ఆలోచించలేదు.

నా పెద్ద కుమార్తె బడికి వెళ్ళిన కాలం 1997 నుండి 2007 వరకు. 1997లో జనవరిలో వచ్చిన రమజాన్ 2007 నాటికి సెప్టెంబరుకు చేరింది. అంటే ఆ పదేళ్ళలో ఒక్క వేసవి కూడా మా ఇద్దరి సెలవులు కలవలేదు. ఏప్రిల్, మే నెలల్లో ఆమె ఇంట్లో ఉండేది, నేను తరగతిలో ఉండేవాడిని. పోనీ, నా సెలవులలోనైనా ఇంటిపట్టున ఉన్నానా అంటే అదీ లేదు. మదర్సా రసీదు పుస్తకాలు సంచిలో పెట్టుకొని బెంగళూరు, చెన్నై వీధులలో చందాల కోసం తిరిగేవాడిని. దీనీ సేవ చేస్తున్నానన్న తృప్తి ఉండేది. ఇంట్లోవాళ్ళు కూడా ఏనాడూ ఏమీ అనలేదు. అనకపోవడాన్ని నేను అంగీకారంగా తీసుకున్నాను.

గడచిన మే నెలలో అమ్మాయి ఇద్దరు పిల్లలతో మా ఇంటికి వచ్చింది. మనవరాలు గుడియాకు ఏడేళ్ళు, మనవడు మున్నాకు నాలుగు. అల్లుడు ప్రభుత్వ పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాడు, అతనికీ సెలవులే. పిల్లలు రెండు రోజులు ఫ్యాను కింద దొర్లారు, మూడవ రోజు నా కితాబుల అలమారా తెరిచారు. ఆ రాత్రి అమ్మాయి, "అబ్బా, వీళ్ళను గండికోటకు తీసుకువెళ్దామా? మీరు కూడా రావాలి" అన్నది. ప్రొద్దుటూరు దగ్గర ఇన్నేళ్ళుగా కాపురం ఉంటున్న మాకు గండికోట పక్క వీధితో సమానం. దేశదేశాలవారు వచ్చి చూసిపోతున్న ఆ స్థలాన్ని నేను చూసింది ఒకే ఒక్కసారి, అది కూడా విద్యార్థులతో.

శుక్రవారం నాకు ఖుత్బా ఉంటుంది కనుక మరో రోజు సెలవు అడగవలసి వచ్చింది. మదర్సా నాజిమ్ సాహెబ్ నా దరఖాస్తు చదివి కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకొని చదివారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను జ్వరానికి సెలవు పెట్టాను, జనాజాలకు పెట్టాను. 'మనవళ్ళతో విహారం' అని రాసిన దరఖాస్తు ఇదే మొదటిది. ఆయన నవ్వి సంతకం చేశారు.

నా సహధర్మచారిణి ఒక్కటే షరతు పెట్టింది. ఫజ్ర్ కాగానే బయలుదేరాలి, ఎండ ముదరకముందే, పది గంటలకల్లా కొండ దిగి రావాలి. మా ప్రాంతపు మే నెల ఎండ సంగతి తెలిసినవారెవరూ ఆ మాట కాదనరు. పసిపిల్లల ఒంట్లో నీరు పెద్దవాళ్ళ కంటే త్వరగా తగ్గుతుంది, దప్పిక అవుతున్నదని వాళ్ళు చెప్పేసరికే ఆలస్యమైపోతుంది. అందుకని ఆమె రాత్రే లీటరు నీళ్ళు కాచి చల్లార్చి, ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కొలిచి కలిపి సీసాలో పోసి పెట్టింది. మరో క్యానులో పలుచని మజ్జిగ, బుట్టలో చపాతీలు, ఉడికించిన గుడ్లు, రెండు బంగినపల్లి మామిడిపండ్లు సర్దింది. పిల్లలకు నూలు దుస్తులు, తలకు టోపీలు. నా పాత రుమాలు ఒకటి తడిపి ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోమన్నది. ఆ రుమాలు వేరే పనికి ఉపయోగపడుతుందని అప్పుడు మాకు తెలియదు.

అద్దె కారు జమ్మలమడుగు చేరేసరికి హోటళ్ళవాళ్ళు పొయ్యిలు వెలిగిస్తున్నారు. ఉగ్గాని వాసన వచ్చి మున్నా నిద్ర లేచాడు. అక్కడినుండి గండికోట సుమారు 15 కిలోమీటర్లు. దారి పొడవునా ఎర్రమల కొండలు పలుచని వెలుగులో పడుకున్న ఒంటెల్లా కనిపించాయి. ఈ పోలిక నాది కాదు, గుడియాది. ఆ పిల్ల ఒంటెను బొమ్మలో తప్ప చూడలేదు.

గండికోట కోట మాత్రమే కాదు, ఊరు కూడా. కోటగోడల లోపల నేటికీ ఇళ్ళున్నాయి, గడపల ముందు ముగ్గులున్నాయి, అరుగుల మీద ముసలివాళ్ళున్నారు. ద్వారం దాటి లోపలికి వెళ్తే నాలుగు పలకలుగా కట్టిన ఒక గోపురం ఎదురవుతుంది. ఊరివారు దానిని చార్మినార్ అని పిలుస్తారు, పావురాల గోపురమని కూడా అంటారు. దాని కిటికీలకు రాతి జాలీలు ఉన్నాయి. పిల్లలు దిగుతామని పట్టుబడితే కారు ఆపించాము.

"నానా, పావురాలేవీ?" అన్నాడు మున్నా.

"ఇప్పుడు లేవు నాన్నా, అది పాతకాలం సంగతి" అన్నాను.

"ఎగిరిపోయాయా, చచ్చిపోయాయా?"

నాకు జవాబు తోచలేదు. అమ్మాయి వాణ్ణి చంకనెత్తుకొని, "నా చిన్నప్పుడు నా దగ్గర ఒక కోడిపిల్ల ఉండేది తెలుసా? అది చచ్చిపోయింది. నేను మీ నానాకు చెబుదామని గడప దగ్గర నిలబడ్డాను. నానాకు క్లాసుకు ఆలస్యం అవుతున్నది. సైకిలెక్కి వెళ్ళిపోయారు" అన్నది.

ఆ మాటలో నిష్ఠూరం ఏమాత్రం లేదు. పిల్లవాడికి కథ చెబుతున్న తీరులోనే చెప్పింది. చెప్పి, జాలీ చూపిస్తూ ముందుకు నడిచింది. నాకు కోడిపిల్ల గుర్తుకు రాలేదు, గడప దగ్గర నిలబడ్డ పిల్ల గుర్తుకు రాలేదు. సైకిల్ మాత్రం గుర్తుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. నేను హదీసు బోధకుణ్ణి. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసును సుమారు ముప్పై ఏళ్ళుగా బోధిస్తున్నాను. అనస్ (రజి)కి అబూ ఉమైర్ అనే చిన్న తమ్ముడు ఉండేవాడు. ఆ బాలుడు ఒక చిన్న పిట్టను పెంచుకున్నాడు. అది చనిపోయింది. మహాప్రవక్త (స) వారింటికి వచ్చినపుడు దిగులుగా ఉన్న ఆ బాలుణ్ణి ముద్దుపేరుతో పలుకరించి, పిట్ట ఏమైందని అడిగారు. హదీసు అంతే. ఈ చిన్న ఉల్లేఖనం నుండి ఇబ్నుల్ ఖాస్ అనే పండితుడు అరవై ప్రయోజనాలను వెలికితీసి ప్రత్యేకంగా గ్రంథమే రాశాడు. పిల్లలకు మారుపేరు పెట్టవచ్చా, పిట్టలను పెంచవచ్చా, ఇంటికి వెళ్ళినపుడు మర్యాదలేమిటి, ఇలా ఎన్నెన్నో. ఆ ప్రయోజనాలలో పదిపదిహేను నాకు వరుసగా నోటికి వచ్చు. ఏటా పరీక్షలో దీని మీద ప్రశ్న ఇస్తాను. ఆనాడు నేను ఆలస్యమవుతున్నదని సైకిలెక్కి వెళ్ళింది ఏ పాఠానికో చెప్పలేను. ఆ పాఠానికే అయినా ఆశ్చర్యం లేదు.

ఊరు దాటి కొంత నడిస్తే ఒక వైపు మాధవరాయ ఆలయ గోపురం, మరొక వైపు జామియా మస్జిద్ మీనారులు కనిపిస్తాయి. విజయనగర రాజులకు సామంతులైన పెమ్మసాని నాయకుల చేతిలో ఉన్న ఈ కోట 17వ శతాబ్దం నడుమ గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైంది. మీర్ జుమ్లా ఇరాన్‌లో ఒక నూనె వర్తకుని కుమారుడు. వజ్రాల వ్యాపారం మీద దక్కనుకు వచ్చి, గోల్కొండలో మంత్రి అయి, తరువాత మొగలుల పక్షాన చేరి బెంగాలు సుబేదారుగా 1663లో మరణించాడు. అల్లుడు ఇదంతా పిల్లలకు చెప్పబోయాడు గాని వాళ్ళు వినలేదు. అప్పుడు అతను ఉపాయంగా మరొక కథ ఎత్తుకున్నాడు.

ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ 1652లో ఇక్కడికి వచ్చాడు. గోల్కొండ సుల్తానుకు అమ్మదలచిన రత్నాలను ముందుగా మీర్ జుమ్లాకు చూపవలసి ఉండేది. గుడారంలో కూర్చున్న మీర్ జుమ్లా పాదాలకు జోళ్ళు లేవు. కాలివేళ్ళ సందుల్లో కాగితాలు, ఎడమచేతి వేళ్ళ సందుల్లో మరికొన్ని కాగితాలు. ఒక్కొక్క దానినీ లాగి, జవాబు చెప్పి రాయించేవాడట. ఈ దృశ్యాన్ని టావెర్నియర్ తన యాత్రాగ్రంథంలో వర్ణించాడు.

ఇది విన్న తరువాత పిల్లలకు గండికోట వాళ్ళ సొంతమైపోయింది. మస్జిద్ మెట్ల మీద కూర్చొని చెప్పులు విడిచి, రాలిన వేపాకు రెమ్మలు ఏరి కాలివేళ్ళ మధ్య పెట్టుకున్నారు. మున్నా ఒక్కొక్క రెమ్మ లాగి, చదివినట్లు నటించి, "నీకు చాక్లెట్టు, నీకు లేదు" అని తీర్పులిచ్చాడు. గుడియా తన పాదాన్ని నా ముందు చాచి, "నానా, మీరు చదవండి" అన్నది. రెమ్మ తీసుకొని చూశాను. "ఇందులో ఏమి రాసి ఉంది?" అని అడిగితే, "రేపు కూడా రమ్మని" అన్నది. పక్కనే కూర్చున్న నా భార్య, వేళ్ళ సందుల్లో కాగితాలు పెట్టుకొని బ్రతికిన మనిషి ఇంకొకరు తనకు తెలుసునన్నది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మస్జిద్ కుతుబ్ షాహీల కాలపు కట్టడం. విశాలమైన ప్రాంగణం, దాని చుట్టూ కమాను గదులు, ముందు వైపు రెండు ఎత్తైన మీనారులు. లోపలి గచ్చుపనిలో ఇంకా కొంత నాజూకు మిగిలి ఉన్నది. సందర్శకులలో కొందరు గోడల మీద మేకులతో తమ పేర్లు, తమ ప్రియుల పేర్లు చెక్కి పోయారు. ఏ మతం వారి కట్టడమైనా వీళ్ళకు పలకే. గుడియా ఆ పేర్లను కూడబలుక్కొని చదవసాగింది, నేను దాన్ని మీనారు నీడ చూపించి మళ్ళించాను. ప్రాంగణం దాటితే దగ్గరలోనే ధాన్యాగారం ఉన్నది. ఎత్తైన కమాను కప్పులతో ఉన్న ఆ చీకటి గదిలో మున్నా తన పేరు తానే పెట్టి పిలుచుకున్నాడు. గోడలు తిరిగి పిలిచాయి. ఆ ఆట ఎంతసేపు సాగిందో చెప్పలేను. అల్లుడు రెండుసార్లు గడియారం చూశాడు. నేను చూడలేదు.

ఎనిమిది గంటలకు పెన్నా లోయ వైపు నడిచాము. గండి అన్నా, కోట అన్నా అర్థం అక్కడే బోధపడుతుంది. కొండను నిలువునా కోసుకొని పెన్నానది ప్రవహించిన చోటు అది. రెండు వైపులా ఎర్రని రాతిపలకలు, ఎవరో లెక్కపెట్టి పేర్చినట్లు పొరలుపొరలుగా ఉన్నాయి. "ఎవరు పేర్చారు?" అని గుడియా అడిగింది. "అల్లాహ్" అన్నాను. "ఎలా పేర్చాడు?" అన్నది. ఆ ప్రశ్నకు అల్లుడు జవాబు చెప్పాడు. వంద కోట్ల ఏళ్ళకు ముందెప్పుడో నీటి అడుగున ఇసుక పొర మీద పొరగా చేరి, బరువుకు గట్టిపడి రాయి అయింది. భూమి కదలికలకు దానిలో చీలికలు వచ్చాయి. నది ఓపికగా దానిని కోసింది. మా జవాబులు రెండూ ఆ పిల్లకు ఒకదానికొకటి అడ్డు రాలేదు. తల ఊపి, రాతి పొరలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

అంచు దగ్గరికి పోయే దారిలో బండలు ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. మేము నిలబడిన చోట కటకటాలు లేవు. కింద వందల అడుగుల లోతు. చిన్నపిల్లలతో వెళ్ళేవారు ఈ సంగతి బాగా గుర్తుంచుకోవాలి, ఫోటోల కోసం అంచుకు వెళ్ళరాదు. నేను మున్నా చెయ్యి పట్టుకొని ఉన్నానని నా భార్య అనుకున్నది, ఆమె పట్టుకున్నదని నేను అనుకున్నాను. నాలుగు క్షణాలు గడిచాయేమో. వాడు ఒక తొండను చూసి దాని వెంట బండ మీదకు పాకుతున్నాడు. ముందు ఇంకా రెండు బండలున్నాయి, ఆ తరువాత ఏమీ లేదు. నేను అరవలేకపోయాను. అరిస్తే ఉలిక్కిపడతాడని భయం. అమ్మాయి మాత్రం మామూలు గొంతుతో, "మున్నా, తొండ పేరేమిటో నానాను అడిగి రా" అన్నది. వాడు వెనక్కి తిరిగి నా దగ్గరికి వచ్చాడు.

నా మోకాళ్ళు వణికాయి. తడి రుమాలు తీసి ఒక కొన వాడి మణికట్టుకు, మరొక కొన నా మణికట్టుకు ముడివేశాను. వాడు దానిని కూడా ఆటే అనుకున్నాడు. అంచుకు చాలా దూరంగా, ఒక పెద్ద బండ నీడలో కూర్చున్నాము. పిల్లలు చపాతీలు, గుడ్లు తిన్నారు, మామిడిపండు రసం మోచేతుల దాకా కారింది. ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు తాగమంటే మున్నా ముఖం ముడిచాడు. మీర్ జుమ్లా తాగేవాడని చెబితే రెండు గ్లాసులు తాగాడు. ఇది చరిత్రలో లేదు, అల్లాహ్ క్షమించుగాక.

అమ్మాయి నా పక్కన కూర్చొని లోయలోకి చూస్తున్నది. నదిలో నీరు ఆకుపచ్చగా, కదలకుండా ఉన్నది. నేను చాలాసేపు తటపటాయించాను. యాభై ఏడేళ్ళ వయసులో, గడ్డం నెరిసిన తరువాత, ముప్పై నాలుగేళ్ళ కుమార్తెను ఆ మాట ఎలా అడగాలో తెలియలేదు. చివరకు, "బేటీ, ఆ కోడిపిల్లకు ఏమైంది?" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. మొదట నవ్వింది. తరువాత చెప్పింది. దాని పేరు చాందినీ. బుట్ట కింద పెట్టి మూసి, నీళ్ళ గిన్నె పెట్టడం మరిచిపోయి పక్కింటికి ఆటకు వెళ్ళింది. మిట్టమధ్యాహ్నం ఎండ బుట్ట మీదకు వచ్చింది. తిరిగి వచ్చి చూస్తే అది పడిపోయి ఉన్నది. తానే చంపానని అనుకున్నది. అమ్మీకి చెబితే కోప్పడుతుందని చెప్పలేదు. మరునాడు పొద్దున నాకు చెప్పాలని గడప దగ్గరికి వచ్చింది. "పాపమా అని అడుగుదామనుకున్నాను. మీకే తెలుస్తుంది కదా, అబ్బా" అన్నది. తరువాత దానిని జామచెట్టు కింద పాతిపెట్టి, తనకు వచ్చిన సూరాలన్నీ చదివిందట. చాలా రోజులు, తాను నరకానికి వెళ్తానేమోనని రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదట.

అప్పుడు ఆమెకు ఎనిమిదేళ్ళు. నేను మదర్సాలో ఫత్వాలు అడిగేవారికి జవాబులు రాస్తున్న కాలం అది. దూరపు ఊళ్ళనుండి ఉత్తరాలు వచ్చేవి. మా ఇంటి గడప దగ్గర నిలబడి ఉన్న ప్రశ్న నా వరకు రాలేదు.

"పాపం కాదు బేటీ, మరచిపోయావు. మరపుకు పట్టింపు లేదు" అన్నాను. పాతికేళ్ళు ఆలస్యంగా ఇచ్చిన ఫత్వా. ఆమె నవ్వుతూనే దుపట్టా కొసతో కళ్ళు తుడుచుకొని, "ఇప్పుడు నాకు తెలుసు లెండి" అన్నది. నా మణికట్టుకు కట్టిన రుమాలును మున్నా గట్టిగా లాగాడు. వాడికి తొండ పేరు ఇంకా ఎవరూ చెప్పలేదు. గుడియా దానికి పెన్నా అని పేరు పెట్టింది.

తొమ్మిదిన్నరకు రాళ్ళు చెప్పుల అడుగునుండి కాలసాగాయి. అనుకున్న వేళకే కొండ దిగాము. కారును చెట్టు నీడలో నిలిపి ఉంచినా లోపల పొయ్యిలా ఉన్నది. తలుపులన్నీ తెరిచి వేడి పోయేదాకా ఆగి, తరువాతనే పిల్లలను ఎక్కించాము. జమ్మలమడుగులో తాటిముంజలు కొన్నాము. మామిడిపండు రసం మరకలు మిగలగా ముంజల నీళ్ళు కూడా అంగీల మీద పడ్డాయి, నా భార్య ఏమీ అనలేదు. ఇంటికి చేరి స్నానాలు చేసి జుహ్ర్‌కు మస్జిద్‌కు వెళ్ళాను. మున్నా కూడా వస్తానన్నాడు. సజ్దాలో ఉండగా నా వీపు మీదకు ఎక్కాడు. దిగేదాకా లేవలేదు.

ఆ రాత్రి గుడియా నా గదికి వచ్చి, "నానా, మళ్ళీ ఎప్పుడు?" అన్నది. అలవాటు కొద్దీ గోడ మీది క్యాలెండరు వైపు చూశాను. రమజాన్ ఏటేటా వెనక్కి పోతున్నది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివరలో మరొకసారి వస్తుంది. అంటే ఈ పిల్ల బడి సెలవులూ నా మదర్సా సెలవులూ ఇకముందు చాలా ఏళ్ళపాటు కలవవు. పాఠశాలలు తెరిచేది జూన్ రెండవ వారంలో. దానికి ముందు మా పాఠాలలో ఎక్కడ ఒక రోజు సందు దొరుకుతుందో వెదికాను. దొరకలేదు. కాగితం, కలం తీసుకొని కూర్చున్నాను. గుడియా మంచం మీద నా పక్కన చేరి, పై వరుసలో నాజిమ్ సాహెబ్‌కు సలాం రాస్తుండగా ఒక్కొక్క అక్షరం చదివింది. తేదీ రాయవలసిన చోట కలం ఆపి, ఏ రోజు వేయమంటావని దానిని అడిగాను.